సముద్రపుటొడ్డున విద్యాభ్యాసము

అమెరికా సంయుక్త రాష్ట్రములందలి సియాటిల్ నగరమున నేడు తెలుగుమాట వినవలెనన్న నెవరును శ్రమపడ నక్కరలేదు. కంప్యూటరు విద్య నభ్యసించి, ఆ పరిశ్రమలందు కొలువులు సంపాదించుకొని, మన జిల్లాలవారు వేలకొలది అచట కాపురములు పెట్టియున్నారు. ఎకరమో రెండెకరములో తెగనమ్మి బిడ్డలను ఆ దేశమునకు పంపిన తండ్రులు మన పాఠకులలోనే పెక్కుమంది యుందురు. ఆ నగరమునందలి వాషింగ్టన్ విశ్వవిద్యాలయము పేరు మన పట్టణములలో అనేక గృహములందు తెలిసినదే. కాని ఆ విశ్వవిద్యాలయమునకే, నగరమునకు వాయవ్యదిశను, అనకోర్టెస్ రేవునుండి ఓడలో పోవలసిన సాన్ వాన్ ద్వీపముపై మరియొక విద్యాస్థానము గలదు. దాని గూర్చి విన్నవారు మనలో మిక్కిలి అరుదు. ఫ్రైడే హార్బర్ ప్రయోగశాలలని దానికి పేరు. గాజుసీసాలలో నిలువయుంచిన జంతువులను విడిచి, ప్రాణులు బ్రతుకు చోటనే తానును కొంతకాలము బ్రతికి విద్యార్థి వానిని నేర్చుకొను తావది. ఇట్టివానిని జీవశాస్త్ర క్షేత్రకేంద్రములందురు.

1904లో ట్రెవర్ కిన్‌కెయిడ్ అను జంతుశాస్త్రాచార్యుడు వేసవి పాఠములకై దీనిని స్థాపించెను. ఆదియందు సొంతభూమి యనునది లేదు. ఆ ద్వీపము చరిత్రయు వినదగినదే. కోస్ట్ సేలిష్ జాతులవారు తరతరములుగా చేపలు పట్టుకొని బ్రతికిన ఆ నేలను, వారి నొక్కమాట యడుగక, ఆంగ్లేయులును అమెరికనులును మాది మాదియని వాదులాడుకొనిరి. 1859లో ఒక అమెరికను తన బంగాళాదుంపల తోటలో బడిన ఆంగ్ల కంపెనీవారి పందిని తుపాకితో కాల్చెను. అంతమాత్రమున రెండు దేశముల సైన్యములును ద్వీపముపై దిగినవి. ఆ యుద్ధమున చచ్చినది ఆ పంది యొక్కటియే. జర్మను చక్రవర్తి మధ్యవర్తియై 1872లో తీర్పు చెప్పువరకు సేన లక్కడనే విడిసియుండెను. కంపెనీ, సైన్యము, పరులభూమి, ఈ మూడింటి సంబంధమును మన పాఠకులకు విప్పి చెప్పనేల?

తరువాత సైన్యపు టవసరమునకై ప్రత్యేకించియుంచిన 484 ఎకరముల అడవినేలను 1921లో అమెరికా శాసనసభ ఈ విశ్వవిద్యాలయమున కొసగినది. అంతటితో నాగక, 1923లో వాషింగ్టన్ రాష్ట్రమువారు ఆ ద్వీపముల చుట్టునున్న ఉప్పునీటిని జీవశాస్త్ర రక్షితప్రదేశముగా శాసించిరి. ఆహారమునకు దక్క మరి యే పనికిని అందలి ప్రాణులను కేంద్రాధికారి యనుమతి లేక తీయరాదు. బెస్తవాని కడుపు కొట్టక, విద్యార్థి పని చెడక చేసిన కట్టడి యిది. మన దేశమున అభయారణ్యములకు హద్దులు గీయుచు, అడవిని నమ్ముకొన్న పేదవానిని మొదట వెడలగొట్టు అధికారులు ఈ చిన్న చట్టము నొకమారు చదువవలెనని మా కోరిక.

ఇక చదువు తీరు. మన కళాశాలలలో విద్యార్థికి గంట కొక పాఠము, పాఠమున కొక ఉపాధ్యాయుడు, గంట కొట్టగానే పుస్తకము మూయుట. ఫ్రైడే హార్బరునకు వేసవిలో వచ్చువాడు కొన్ని వారములపాటు ఒక్క విషయమునే పట్టుకొని కూర్చుండును. పాఠము వేళను నిర్ణయించునది గడియారము గాదు, ఆటుపోటుల పట్టిక. ఆ తీరమున వేసవియందు మిక్కిలి లోతైన ఆటు పగటివేళ వచ్చును. చలికాలమున రాత్రివేళ వచ్చును. నీరు తీసియున్న రెండు మూడు గంటలలోనే రాళ్ళ సందులందలి నక్షత్రచేపలను, నత్తలను, పురుగులను చూచుకొనవలెను. పోటు వచ్చిన తరువాత ఎంతటి ఆచార్యుడు వేడినను సముద్రము వినదు. తెచ్చిన ప్రాణులను చంపక, సముద్రపునీటిని గొట్టములద్వారా నిరంతరము పారించు తొట్లలో నుంతురు. ఆ తొట్లలో అవి తినును, గ్రుడ్లు పెట్టును, పిల్లలగును. విద్యార్థి అర్ధరాత్రమున లేచిపోయి చూచుకొనవచ్చును. ఏలయన వాని పడకయు అక్కడనే యున్నది. భోజనశాలయందు పేరుపొందిన పండితుడును, నిన్న వచ్చిన బాలుడును ఒకే బల్లకడ కూర్చుండి తినుదురు. గురుకుల వ్యవస్థను గూర్చి సభలలో ఉపన్యసించువారు మనలో కొదువలేదు. గురువును శిష్యుడును మోకాలిలోతు బురదలో ప్రక్కప్రక్కన నిలిచిన గురుకులమును చూపుమన్న, వారేమి చూపుదురో చెప్పజాలము.

ఇట్టి తావున కూర్చుండుటవలన లోకమునకు ఒరిగినదేమని అడుగువారికి ఒక్క మనుష్యుని కథ చాలును.

1945 ఆగస్టు 9వ తేదీన నాగసాకిపై అణుబాంబు పడిననాడు, ఆ నగరమునకు కొన్ని మైళ్ళ దూరమున ఇసహాయాలో కర్మాగారమున పనిచేయుచున్న 16 ఏండ్ల బాలునికి ఆ మెరుపుచే కొంతసేపు చూపు పోయెను. ఇంటికి నడచిపోవుచుండగా నల్లనివాన కురిసెను. వాని పేరు ఒసాము షిమోమురా. యుద్ధానంతరమున నాగసాకి వైద్యకళాశాలవారి ఔషధశాస్త్రశాఖ తన యింటిచెంతకు తరలివచ్చుటచేతనే అందు చేరెనుగాని, ఔషధములపై వానికి మక్కువ యేమియు లేకుండెను. పిమ్మట నగోయాలో ఒక చిన్న సముద్రజీవియొక్క వెలుగునకు కారణమైన పదార్థమును స్ఫటికరూపమున వేరుచేసి పేరుగాంచెను. అది విని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమునందలి ఫ్రాంక్ జాన్సన్ వానిని 1960లో అమెరికాకు పిలిపించెను. 1961 వేసవిని వీరు మోటారుకారులో ఖండమును ఈ కొననుండి ఆ కొనకు దాటి ఫ్రైడే హార్బరు చేరిరి. అచటి నీటిలో ఎక్వోరియా యను జెల్లీచేపలు విస్తారముగ నుండెడివి. గొడుగువంటి దాని శరీరపు అంచున పచ్చని వెలుగు పుట్టును. ఆ వెలుగునకు కారణము కనుగొనుట వారి పని.

ప్రాణులు వెలుగుటకు లూసిఫెరిన్ అను పదార్థమును, దానిని పనిచేయించు లూసిఫెరేస్ అను మరియొక పదార్థమును తప్పక యుండవలెనని ఆనాటి పండితుల నమ్మకము. ఆ త్రోవను పోయి వీ రెన్ని పాట్లు పడినను ఫలితము లేకపోయెను. ఈ నమ్మకమును విడిచిపెట్టుదమని షిమోమురా యనెను. జాన్సన్ అంగీకరింపలేదు. ఒకే బల్లకు ఒక ప్రక్కను జాన్సనును వాని సహాయకుడును పాత త్రోవను పనిచేయుచుండగా, రెండవ ప్రక్కను షిమోమురా ఒంటరిగా తన త్రోవను తాను పనిచేసెను. పిలిపించి అన్నము పెట్టిన పెద్దవానితో అభిప్రాయభేదము వచ్చినపుడు బల్ల విడువకయు, తల వంచకయు నుండుట సులభము గాదు; వానిని అట్లుండనిచ్చుటయు సులభము గాదు. ఇరువురును మెచ్చదగినవారే.

ఏమియు తోచక షిమోమురా ఒక చిన్న పడవ వేసికొని నీటి నడుమకు పోయి ఆలోచించుచుండెడివాడు. ఒకనాడు పడవలోనే వాని కొక ఊహ తట్టినది. వెలుగునకు మూలము మాంసకృత్తు కావచ్చును. అట్లయినచో పులుపు చేర్చి దానిని నిద్రపుచ్చి, పిమ్మట మేల్కొల్పవచ్చును. ఒడ్డునకు వచ్చి పరీక్షింపగా పులుపు కలిపిన రసము వెలుగుట మానెను. పులుపు విరువగా కొంచెము వెలిగెను. ఆ మిగిలిన రసమును కడుగుతొట్టిలో పారబోయగానే తొట్టియంతయు నీలికాంతితో భగ్గుమన్నది. ఆ తొట్టిలోనికి జంతువుల నుంచిన తొట్లనుండి పొర్లిన సముద్రపునీరు వచ్చుచుండెను. సముద్రపునీటి యందలి కాల్సియమే ఆ పదార్థమును వెలిగించునని షిమోమురా గ్రహించెను.

ఆ వేసవి సుమారు 10,000 జెల్లీచేపలను వలగిన్నెలతో ఒక్కటొక్కటిగ పట్టి, అంచులను కత్తెరతో కత్తిరించి, గుడ్డలో వేసి పిండిరి. అంత శ్రమకును చివరకు దక్కిన శుద్ధపదార్థము 5 మిల్లీగ్రాముల ప్రాంతము. కొన్ని ఆవగింజల యెత్తునకు మించదు. దానికి ఎక్వోరిన్ అని పేరుపెట్టి 1962లో ప్రకటించిరి. దానితో పాటు అతినీలలోహిత కాంతిలో పచ్చగా మెరయు మరియొక మాంసకృత్తు కూడ కనబడినది. దాని గూర్చి ఆ వ్యాసమున అడుగున నొక చిన్న వ్యాఖ్య మాత్రమే వ్రాసిరి. తరువాత పెక్కు వేసవులు షిమోమురా భార్యతోను పిల్లలతోను ఆ ద్వీపమునకు వచ్చుచునే యుండెను. వారు మొత్తముమీద పట్టిన జెల్లీచేపలు సుమారు 8,50,000.

ఆ అడుగువ్యాఖ్యలోని పచ్చని పదార్థమే నేటి వైద్యశాస్త్రమునకు దీపమైనది. 1992లో డగ్లస్ ప్రాషర్ దాని జన్యువును వేరుచేసెను. 1994లో మార్టిన్ చాల్ఫీ ఆ జన్యువును చిన్న పురుగు దేహమున ప్రవేశపెట్టి దాని నాడీకణములు బ్రతికియుండగనే వెలుగునట్లు చేసెను. రోజర్ చెన్ దానికి పలురంగులు కల్పించెను. నేడు పుట్టకురుపు కణములు దేహమున ఎట్లు ప్రాకునో, నాడులు ఎట్లు పెరుగునో, క్రిమి ఎచట దాగునో బ్రతికియున్న ప్రాణియందే చూడగలుగుట దీనివలననే. 2008లో షిమోమురాకును, చాల్ఫీకిని, చెన్‌కును కలిపి రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము వచ్చినది. ఇక జన్యువును వేరుచేసిన ప్రాషరు మాటయో? ధనసహాయము అందక తన పని ఆపవలసివచ్చి, ఆ జన్యువును అడిగినవారికి ఉదారముగ నిచ్చివేసిన ఆ మనుష్యుడు, బహుమానము ప్రకటించునాటికి అలబామా రాష్ట్రమున ఒక కార్ల దుకాణమునందు బండి తోలుకొనుచుండెను. ధనరాశులు గల దేశమునందు సైతము ఇట్లు జరిగినది.

ఇదంతయు అదృష్టమని కొందరనవచ్చును. ఆ మాటను మే మొప్పుకొనము. రసము పారబోసిన చోట సముద్రపునీరు పారుచుండుట అదృష్టము గాదు. అంతకు 57 ఏండ్లకు పూర్వము ఒక ఉపాధ్యాయుడు ప్రారంభించిన పనికిని, తరువాత దానికి భూమియు నీరును ఏర్పరచిన శాసనసభలకును అది ఫలము. 1904లోగాని 1921లోగాని జెల్లీచేపవలన ఇంతటి వైద్యోపకారము కలుగునని చెప్పగలవాడు లేడు. చెప్పినను పిచ్చివాడనియే యుందురు. ఫలమును ముందు చూపినగాని ధనమీయమను పద్ధతి వారు పట్టియుండినచో షిమోమురా పడవకు రేవే యుండెడిది గాదు. అట్లని ప్రతి క్షేత్రకేంద్రమును పదియేండ్ల కొక నోబెల్ బహుమానము కాచునని మేము చెప్పబోము. అచటికి పోయిన విద్యార్థులలో నూటికి తొంబదిమందికి దక్కునది తడిసిన కాళ్ళును, ఒక నోటుపుస్తకమును, తన కన్నులతో తాను చూచితినను ధైర్యమును మాత్రమే. ఆ ధైర్యము కొరకే ఇట్టి కేంద్రములను పోషించినను తప్పులేదని మా యభిప్రాయము.

మరియొక మాట. 1990 తరువాత ఫ్రైడే హార్బరు నీటిలో ఆ జెల్లీచేపలు అరుదైపోయినవి. షిమోమురా తన పనిని ఒక ముప్పదియేండ్లు వాయిదా వేసికొనియుండినచో పట్టుటకు అవి యుండెడివి గావు. 2013నుండి ఉత్తర అమెరికా పశ్చిమతీరమంతట నక్షత్రచేపలకు ఒక తెగులు పుట్టి, చేతులు ఊడి, దేహములు కరగి అసంఖ్యాకముగ చచ్చినవి. దానికి కారణమైన సూక్ష్మజీవి యేదో 2025లో గాని తేలలేదు. ఎన్ని చచ్చినవో చెప్పవలెనన్నను, అంతకు మున్ను ఎన్ని యుండెనో ఏటేట రాళ్ళవెంట తిరిగి లెక్క వ్రాసిపెట్టినవారుండవలెను గదా! తెగులు వచ్చిన తరువాత పంపు సంఘములు పోయినదానిని లెక్కపెట్టజాలవు.

ఈ తుది మాట దూరదేశపు మాట గాదు. కృష్ణా, గోదావరి, నెల్లూరు మండలముల భూస్వాములు వరిచేలను త్రవ్వి రొయ్యల చెరువులు కట్టించి, 1994–95లో తెల్లమచ్చ తెగులుచే ఎట్లు దెబ్బతినిరో ఈ పత్రిక చదువువారికి మేము జ్ఞప్తి చేయనక్కరలేదు. అటుపిమ్మట 2009లో అనుమతి పొంది మన చెరువులను నింపిన వెనామీ రొయ్య అమెరికా ఖండపు పశ్చిమసముద్రమునకు చెందినది. దాని తల్లిరొయ్యలు విమానములలో విదేశములనుండి దిగినవి. విదేశీవస్త్రమును గుట్టలుగా పోసి కాల్చిన ఊళ్ళవారి మనుమలు విత్తనపురొయ్యకై పరదేశపు పెట్టెల కెదురుచూచిరి. తప్పు వారిది గాదు. మన సముద్రమందలి మన రొయ్య ఏ నెలలో ఎచట గ్రుడ్డు పెట్టును, ఏ నీటిలో ఏ తెగులుకు లొంగును, దేనికి లొంగదు అను సంగతిని ఇరువది ముప్పదియేండ్లు ఒకే చోట కనిపెట్టి వ్రాయువారికి మనము తగినంత నీడ కల్పింపలేదు.

పులస మాటయు నట్టిదే. పుస్తెలమ్మియైన తినవలెనని మనవారు సామెత కట్టిన యీ చేప వానకాలపు వరదనీటికి సముద్రమునుండి గోదావరి నెక్కి వచ్చును. 1852లో పూర్తియైన ధవళేశ్వరపు ఆనకట్ట దాని త్రోవకు అడ్డము. మన డెల్టాకు అన్నము పెట్టిన ఆనకట్టను మేము నిందింపము. ఏటేట దాని ధర పెరిగినదని మాత్రము మనకు చక్కగా తెలియును. ఏటేట ఎన్ని వచ్చినవి, ఎంత వయసువి, ఎచట గ్రుడ్డు పెట్టినవి యను లెక్క గట్టుమీద చేపను బేరమాడువారి నడిగిన చెప్పగలరా?

జంతుశాస్త్రశాఖలు మన విశ్వవిద్యాలయములకు లేకపోలేదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు విశాఖపట్టణమున సముద్రమునకు ఎదురుగనే యున్నది. అచట 1950ల దశకమునందే సముద్రశాస్త్ర పరిశోధనలు సాగినవి. దక్షిణమున అన్నామలై విశ్వవిద్యాలయమువారు వెల్లారు నదీముఖమున పరంగిపేటలో సముద్రజీవశాస్త్ర కేంద్రమును నడిపి పెక్కుమంది పండితులను తయారుచేసిరి. మేము కోరునది మరియొక శాఖ గాదు, విద్యార్థికి నీటి యొడ్డున ఒక పడక. కాకినాడ చేరువను కోరంగి మడ అడవులున్నవి. తెల్లమడ, నల్లమడ చెట్ల వేళ్ళనడుమ చేపపిల్లలును రొయ్యపిల్లలును పెరుగును. గోదావరి తెచ్చిన తీపినీరును సముద్రపు ఉప్పునీరును దినమునకు రెండుమార్లు అచట కలిసి విడిపోవును. ఇంతకు మించిన పాఠశాల యుండునా?

ఖర్చు ఎవరు భరింతురని యడుగుదురు. ఇందుకు 1870ల దశకముననే ఇటలీదేశపు నేపుల్సు పట్టణమున ఆంటన్ డోర్న్ అను జర్మను పండితుడు ఉపాయము కనిపెట్టెను. అతడు కట్టించిన సముద్రకేంద్రమున ఒక్కొక్క బల్లను ఒక్కొక్క విశ్వవిద్యాలయమునకో ప్రభుత్వమునకో ఏటికింతయని అద్దెకిచ్చి, ఆ బల్లకడ పనిచేయుటకు వారు పంపిన పండితునికి సముద్రపునీటిని, జంతువులను, పనిముట్లను సమకూర్చెను. రెండు తెలుగు రాష్ట్రముల విశ్వవిద్యాలయములును తలకొక బల్ల యద్దె భరించినచో, ఏ యొక్కదానిపైనను బరువు పడదు. రొయ్యల వ్యాపారమున లక్షలు గడించిన శ్రీమంతులు పడవ నొకదానిని ఇప్పించుట ధర్మకార్యమును గాదు, తమ సొత్తునకు తామే కావలి పెట్టుకొనుట.

ఇంతకును తలిదండ్రుల మనసు మారవలెను. "మా అబ్బాయి జంతుశాస్త్రము తీసికొందునని పట్టుబట్టుచున్నాడండీ, మీరైనను నాలుగు బుద్ధులు చెప్పుడు" అని మా కార్యాలయమునకు వచ్చి మొరపెట్టుకొన్న పెద్దమనుష్యులు గలరు. వారి బాధ బూటకము గాదు. ఆ చదువునకు మన దేశమున జీతము తక్కువ, స్థానములు తక్కువ. కాని వెయ్యిమంది పోవు త్రోవనే వెయ్యిన్నొకటవవాడును పోవలెనని యెచట నున్నది? సియాటిల్‌లో బిడ్డలున్నవారు ఈ వేసవి అచటికి పోయినపుడు ఒకపూట ఓడయెక్కి ఆ ద్వీపమును చూచిరావలెను. చూచివచ్చినవారిలో నొక్కరైనను తమ కుమారునికి అడ్డుచెప్పక పోవచ్చును.

ప్రభుత్వములు భవనములకు పునాదిరాయి వేయుటయందు ఉత్సాహము గలవి. పాలరాతి పలకపై పేర్లు చెక్కించుకొనుటయందు అంతకంటెను. ఈ పనికి మొదట కావలసినది పలక గాదు. ఒక పెంకుటిల్లు, పది మంచములు, వంటమనిషి, తోడునీరు, నాటుపడవ, దానిని నడుపు బెస్తవాడు చాలును. ఆ బెస్తవానికి కూలి గాక నెలజీతము నీయవలెను. ఏలయన అచటికి వచ్చు విద్యార్థికి వాడే మొదటి ఉపాధ్యాయుడు. కోరంగి కాలువలలో ఏ కార్తెను ఏ చేప ఏ మూలకు చేరునో నోటిలెక్కగ చెప్పగల వృద్ధులు ఆ పల్లెలలో నేటికి నున్నారు. వారి మాటను కాగితముమీది కెక్కించు పని ఇల్లు లేచువరకు ఆగనక్కరలేదు. సెలవులిచ్చిన పిదప నలుగురు విద్యార్థులు నోటుపుస్తకములతో పోయి, రానున్న మృగశిరకార్తెనుండియే ఆరంభింపవచ్చును.